ఎక్స్‌ట్రడిషన్ కేసులు, లండన్ బారిస్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్, వేల్స్ నుంచి ఎవరిని వేరే దేశానికి అప్పగించాలన్నా కేసు మొదలయ్యేది ఒకే ఒక్క చోట, లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ మేజిస్ట్రేట్ కోర్టులో. విజయ్ మాల్యా, నీరవ్ మోదీ, జూలియన్ అసాంజ్ కేసులన్నీ అక్కడ మొదలైనవే. ఈ పేజీలోని ప్రశ్నలు మనవాళ్లు పదేపదే అడిగేవి. కొన్ని బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లవి. ఎక్కువ భాగం హైదరాబాద్, విజయవాడ, కరీంనగర్ లాంటి చోట్ల నుంచి కంగారుగా ఫోన్ చేసే తల్లిదండ్రులవి. ఇక్కడ ఉన్నది సాధారణ సమాచారం మాత్రమే. మీ కాగితాలు చదివిన లాయర్ చెప్పేదే మీకు సలహా.

డిపోర్టేషన్, ఎక్స్‌ట్రడిషన్ రెండూ ఒకటేనా?

కాదు. వీసా గడువు దాటిందనో, ఇక్కడ నేరం చేశాడనో ఒక దేశం తనంతట తాను బయటికి పంపేస్తే అది డిపోర్టేషన్. వేరే దేశం "మా దగ్గర ఇతని మీద క్రిమినల్ కేసు ఉంది, అప్పగించండి" అని ఒప్పందం ప్రకారం అడిగితే ఎక్స్‌ట్రడిషన్. భారత్, బ్రిటన్ మధ్య ఈ ఒప్పందం మీద 1992లో సంతకాలయ్యాయి. అమెరికాతో ఒప్పందం 1997 నాటిది.

మాకు కావాల్సింది బారిస్టరా, సాలిసిటరా?

మన దగ్గర ఒకే అడ్వకేటు వకాల్తా వేస్తాడు, కాగితాలు రాస్తాడు, వాదిస్తాడు. ఇంగ్లండ్‌లో పని రెండుగా చీలి ఉంటుంది. క్లయింటుతో మాట్లాడటం, కాగితాలు పోగుచేయడం, సాక్షుల్ని వెతకడం, పోలీస్ స్టేషన్‌కు రావడం సాలిసిటర్ పని. కోర్టులో నిలబడి వాదించేది, "ఈ పాయింటు నిలుస్తుంది, ఇది నిలవదు" అని లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇచ్చేది బారిస్టర్. గ్రేస్ ఇన్, లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్ అనే నాలుగు సంస్థల్లో ఏదో ఒకటి పట్టా ఇస్తేనే ఎవరైనా బారిస్టర్ అవుతారు. టంగుటూరి ప్రకాశం పంతులు 1904లో ఓడెక్కి వెళ్లింది ఈ పట్టా కోసమే.

అరెస్టు జరిగిన కేసులో ముందు వెతకాల్సింది ఎక్స్‌ట్రడిషన్ కేసులు చేసే సాలిసిటర్‌ను. మంచి సాలిసిటర్‌కు ఏ కేసుకు ఏ బారిస్టర్ సరిపోతారో తెలుస్తుంది. కొందరు బారిస్టర్లు క్లయింటు నుంచి నేరుగా కేసు తీసుకోవడానికి అనుమతి ఉన్నవాళ్లే. కానీ మనిషి జైల్లో ఉండి, రెండు దేశాల్లో కాగితాలు కదలాల్సినప్పుడు సాలిసిటర్ లేకుండా నెట్టుకురావడం కష్టం.

ఆ బారిస్టర్ మొన్న ఇండియా ప్రభుత్వం తరఫున వాదించాడట. మా తరఫున గట్టిగా వాదిస్తాడా?

వాదిస్తాడు. ఈ అనుమానం చాలామందికి వస్తుంది, మన దగ్గర ప్రభుత్వ ప్లీడరు వేరు, డిఫెన్స్ లాయరు వేరు కాబట్టి. అక్కడ ఈ రంగంలో పేరున్నవాళ్లలో చాలామంది రెండు వైపులా కేసులు చేస్తారు. మాల్యా కేసులో భారత్ కోరిక మేరకు క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ (అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూషన్ విభాగం) తరఫున వాదించిన మార్క్ సమ్మర్స్, అసాంజ్‌ను అమెరికాకు పంపకూడదని అసాంజ్ తరఫున నిలబడ్డారు. మాల్యా తరఫున వాదించిన క్లేర్ మాంట్‌గోమరీ తర్వాత నీరవ్ మోదీ కేసూ చేశారు. నా మటుకు నాకు ఇది లోపంగా కాక అర్హతగానే కనిపిస్తుంది. అడిగే దేశం ఫైలు ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూసినవాళ్లకు, ఆ ఫైలులో సందు ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది. అదే కేసులో అవతలి పక్షానికి పనిచేసి ఉండకూడదు, అంతే.

మా అబ్బాయిని ఈ ఉదయం అరెస్టు చేశారు. మొదటి రోజు ఏమవుతుంది?

వీలైనంత త్వరగా జడ్జి ముందు నిలబెడతారు. జడ్జి ముఖ్యంగా మూడు సంగతులు చూస్తారు: ఏ దేశం ఏ నేరానికి అడుగుతోందో చెప్పడం, వెళ్లడానికి నీకు సమ్మతమేనా అని అడగడం, బెయిల్. లాయరు లేకపోతే కోర్టులో డ్యూటీ సాలిసిటర్ ఉంటారు.

రెండోది, అంటే సమ్మతి దగ్గరే చాలామంది బోల్తాపడతారు. టెన్షన్‌లో "ఎలాగూ వెళ్లాలి, ఊళ్లోనే తేల్చుకుంటా" అని సమ్మతి రాసిచ్చేస్తారు. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకోవడం ఉండదు. పైగా, అడిగిన నేరానికి తప్ప పాత నేరాలకు విచారించకూడదనే రక్షణ కూడా దానితో పోతుంది. ఆ రక్షణ గురించి కింద చెప్తాను. సమ్మతి ఇవ్వడం ఎప్పుడూ తప్పని అనడం లేదు. 1992 ఒప్పందం కింద బ్రిటన్ నుంచి భారత్‌కు తొలిసారి 2016 అక్టోబరులో వచ్చిన గుజరాతీ నిందితుడు తనే ఒప్పుకుని వచ్చాడు. కానీ ఆ నిర్ణయం లాయరుతో మాట్లాడాక తీసుకోవాలి. కస్టడీ గదిలో అరగంటలో తేల్చే సంగతి కాదిది.

బెయిల్ మనిషిని బట్టి ఉంటుంది. మాల్యాకు 6,50,000 పౌండ్ల పూచీకత్తు మీద అరెస్టయిన రోజే వచ్చింది. నీరవ్ మోదీకి ఎన్నిసార్లు అడిగినా రాలేదు. పారిపోతాడన్న అనుమానం, సాక్షుల్ని బెదిరిస్తాడన్న ఆరోపణ ఉంటే ఎంత డబ్బు చూపించినా చాలదు. స్థిరమైన చిరునామా, పాస్‌పోర్టు అప్పగింత, పూచీ ఉండే స్థానికులు, పిల్లల బడి కాగితాలు ఇవన్నీ మొదటి రోజే చేతిలో ఉంటే మేలు.

మావాడు ఏ తప్పూ చేయలేదు. అది రుజువు చేస్తే చాలుగా?

చాలదు. వినడానికి చేదుగానే ఉంటుంది. ఎక్స్‌ట్రడిషన్ కోర్టు దోషా నిర్దోషా తేల్చదు. ఆ పని అడిగిన దేశంలోని కోర్టుది. భారత్ అడిగిన కేసుల్లో లండన్ జడ్జి "ఇదే ఆధారాలు ఇంగ్లండ్‌లో ఉంటే విచారణకు సరిపోతాయా" అన్నంత వరకే చూస్తారు. ప్రాథమిక ఆధారాలు అంటారు దీన్ని. అమెరికా అడిగితే అదీ అక్కర్లేదు, బ్రిటన్ ఆ దేశానికి మినహాయింపు ఇచ్చింది.

అయినా ఈ మెట్టు దగ్గర భారత్ బోల్తాపడిన సందర్భాలున్నాయి. నౌకాదళం వార్ రూమ్ లీకు కేసులో రవి శంకరన్‌ను అప్పగించాలన్న ఉత్తర్వును లండన్ హైకోర్టు 2014లో కొట్టేసింది, ఆధారాలు ఆ మాత్రం కూడా లేవని. కాబట్టి ఛార్జిషీటును వాక్యం వాక్యం చదివి, ఏ ఆరోపణకు ఏ పత్రం ఆధారమో పట్టిక వేయించడం వృథా పని కాదు. మంచి జూనియర్ బారిస్టర్ మొదటి వారాల్లో చేసేది అదే.

మరి దేని మీద వాదిస్తారు?

చట్టం 2003 నాటి ఎక్స్‌ట్రడిషన్ యాక్ట్. అందులో చాలా అడ్డంకులున్నాయి. కొన్ని చాలా కేసుల్లో రెండు మాటల్లో తేలిపోతాయి: ఒకే నేరానికి రెండుసార్లు విచారణ, ఏళ్లు గడిచిపోవడం వల్ల జరిగే అన్యాయం, మతం వల్లనో రాజకీయ అభిప్రాయం వల్లనో వెంటాడటం. అసలు పని జరిగింది బ్రిటన్‌లోనే అయితే విచారణ అక్కడే జరగాలని అడగొచ్చు. గ్యారీ మెకినన్ అనే హ్యాకర్ కేసు మీద పెద్ద రభస జరిగాక 2013లో ఈ వెసులుబాటు వచ్చింది. 2018లో లారీ లవ్ అనే మరో హ్యాకర్ దీనితో, ఆరోగ్య కారణంతో అమెరికాకు వెళ్లకుండా బయటపడ్డాడు.

భారత్ కేసుల్లో ఎక్కువ రోజులు నలిగేది జైలు గది. వినడానికి విచిత్రమే. వేల కోట్ల మోసం కేసులో బారిస్టర్లు కిటికీ ఎంత పెద్దది, మరుగుదొడ్డి ఎక్కడ, గదిలో ఎంతమంది అని వాదించుకుంటారు. అమానుషంగా చూసే ప్రమాదం నిజంగా ఉన్న చోటికి ఎవరినీ పంపకూడదని యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక మూడో అధికరణ చెప్తుంది. 1989లో సోయరింగ్ కేసు నుంచీ ఇది స్థిరపడిన సూత్రం. మాల్యాను ఉంచుతామన్న ముంబై ఆర్థర్ రోడ్ జైలు 12వ నంబరు బ్యారక్‌ను వీడియో తీసి పంపమని 2018లో జడ్జి ఎమ్మా ఆర్బత్‌నాట్ అడిగారు. పంపారు. ఆమె తృప్తి పడి 2018 డిసెంబరు 10న అప్పగింతకు సరేనన్నారు. నీరవ్ మోదీ కేసులోనూ అదే బ్యారక్ మీద హామీలిచ్చారు.

అలాగని హామీ ఇస్తే ప్రతిసారీ పని జరగదు. ఆయుధాల మధ్యవర్తి సంజయ్ భండారీ కేసులో 2025 ఫిబ్రవరి 28న లండన్ హైకోర్టు ఆయన్ను విడుదల చేసింది. తీహార్ జైల్లో తోటి ఖైదీలో, సిబ్బందో డబ్బు కోసం హింసించే ప్రమాదం నిజంగా ఉందని, ఇచ్చిన హామీలు దాన్ని తొలగించలేదని తేల్చింది. ఆ తర్వాత భారత్ కేసులు వాదించే ఏ డిఫెన్స్ బారిస్టరూ ఈ తీర్పును వదిలిపెట్టరు.

అయితే ఒక మాట. "ఇండియా జైళ్లు బాగుండవు" అని గాల్లో అంటే వినరు. ఏ జైలు, ఏ బ్యారక్, మీ మనిషి జబ్బుకు అక్కడ ఏ డాక్టరున్నాడు అన్నంత సూటిగా నిపుణుడి నివేదిక కావాలి.

జడ్జి సరేనంటే వెంటనే విమానం ఎక్కించేస్తారా?

లేదు. ఫైలు హోం సెక్రటరీకి వెళ్తుంది. నిర్ణయానికి రెండు నెలల గడువు. మరణశిక్ష పడే ప్రమాదం ఉందా, అడిగిన నేరానికే విచారిస్తారా వంటి కొన్ని అంశాలే చూస్తారు. మానవ హక్కుల సంగతి కోర్టు పని. ఆ తర్వాత 14 రోజుల్లో అప్పీలుకు అనుమతి అడగాలి. ఈ గడువు దాటితే కష్టం. గోడ మీద రాసి పెట్టుకోండి.

మాల్యా అప్పీలును హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది, సుప్రీంకోర్టుకు వెళ్లే దారి మేలో మూసుకుంది. చట్టం ప్రకారం 28 రోజుల్లో పంపాలి. ఏళ్లు దాటినా ఆయన లండన్‌లోనే ఉన్నారు. ఒక న్యాయపరమైన అంశం తేలాలి, అది గోప్యం అని బ్రిటన్ ప్రభుత్వం అంది. అది ఆశ్రయం దరఖాస్తని అందరూ అనుకున్నారు. ఆశ్రయం అడిగితే అది తేలేదాకా మనిషిని పంపకూడదన్నది మటుకు అదే చట్టంలో ఉన్న మాట.

ఇంతకంటే లాగిన కేసు కావాలంటే మన ఆంధ్రకు సంబంధించినదే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజం తవ్వకాల లైసెన్సుల కోసం కోటీ 85 లక్షల డాలర్ల లంచాలు ఇవ్వజూపారని షికాగో గ్రాండ్ జ్యూరీ ఉక్రెయిన్ వ్యాపారి దిమిత్రో ఫిర్తాష్ మీద అభియోగం మోపింది. ఆయన కాదన్నారు. 2014 మార్చిలో వియన్నాలో అరెస్టు చేసి, 12.5 కోట్ల యూరోల బెయిల్ మీద వదిలారు. ఒక కోర్టు 2015లో పంపొద్దంది, పై కోర్టు 2017లో పంపొచ్చంది, అక్కణ్ణుంచీ కేసు ఏళ్ల తరబడి నడుస్తూనే పోయింది.

ఇండియాలో ఉన్న మనిషిని అమెరికానో, బ్రిటనో అడిగితే?

1962 నాటి మన ఎక్స్‌ట్రడిషన్ చట్టం వర్తిస్తుంది. విదేశాంగ శాఖకు అభ్యర్థన వస్తుంది, కేంద్రం ఒక మేజిస్ట్రేటుతో విచారణ జరిపిస్తుంది. ఈ విచారణలు ఎక్కువగా ఢిల్లీ పటియాలా హౌస్ కోర్టులో నడుస్తాయి. ఇక్కడా చూసేది ప్రాథమిక ఆధారాలే. మేజిస్ట్రేటు నివేదిక తర్వాత తుది మాట కేంద్రానిది. దాని మీద హైకోర్టుకు వెళ్లొచ్చు. పూర్తి కాగితాలు రాకముందే తాత్కాలికంగా అరెస్టు చేసిన పక్షంలో 60 రోజుల్లో అభ్యర్థన రాకపోతే వదిలేయాలి. "మనవాణ్ణి మన దేశం పంపదు" అన్న ధీమా అమెరికా, బ్రిటన్ విషయంలో పనికిరాదు. ఆ ఒప్పందాల్లో భారత పౌరసత్వం అడ్డు కాదు. యూఏఈతో మాత్రం సొంత పౌరుల్ని అప్పగించరు, ఇక్కడే విచారణకు పెడతారు.

రప్పించాక ఇంకో పాత కేసు కూడా పెట్టేస్తారా?

పెట్టకూడదు. ఏ నేరానికి అప్పగించారో దానికే విచారించాలి, లేదంటే అప్పగించిన దేశం మళ్లీ ఒప్పుకోవాలి. మన చట్టంలో 21వ సెక్షన్ ఇదే. దీన్ని బాగా అర్థం చేయించేది అబూ సలేం కథ. 2005 నవంబరులో పోర్చుగల్ అప్పగించింది, మరణశిక్ష వేయబోమని, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచబోమని భారత్ హామీ ఇచ్చాక. తర్వాత అదనపు అభియోగాలు మోపారని 2011లో లిస్బన్ హైకోర్టు తప్పుపట్టింది. 1993 ముంబై పేలుళ్ల కేసులో 2017లో యావజ్జీవం పడింది. 25 ఏళ్లు పూర్తయ్యాక ఆ హామీని కేంద్రం నిలబెట్టుకోవాల్సిందేనని 2022 జులైలో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఇదే అబూ సలేం మారుపేరుతో కర్నూలు చిరునామా మీద పాస్‌పోర్టు తీసుకున్న కేసు హైదరాబాద్ సీబీఐ కోర్టులో నడిచింది.

అల్లుడు అమెరికాలో ఉన్నాడు, 498ఎ కేసు పెట్టాం. రప్పించగలమా?

మాకొచ్చే ప్రశ్నల్లో దీనికే మొదటి స్థానం. భార్య తరఫువాళ్లూ అడుగుతారు, భర్త తరఫువాళ్లూ అడుగుతారు. 2024 జులై 1 తర్వాత జరిగిన సంఘటనలైతే 498ఎ బదులు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వస్తుంది, సారం అదే.

కాగితం మీద చూస్తే కుదురుతుంది. శిక్ష మూడేళ్ల దాకా ఉంది, అమెరికా ఒప్పందానికి ఏడాదికి మించి శిక్ష ఉన్న నేరమైతే చాలు. చిక్కు ఎక్కడంటే, ఆ పని అక్కడ కూడా నేరం అయి ఉండాలి. కట్నం అడగడం, సూటిపోటి మాటలు అమెరికా చట్టంలో నేరాలు కావు. కొట్టడం, గాయపరచడం, బెదిరించడం నేరాలే. అందుకే ఎఫ్ఐఆర్‌లో "వేధించాడు" అని ఒక్క మాట రాసి వదిలేస్తే కేసు అక్కడే ఆగిపోతుంది. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏం చేశాడు, ఏ ఆస్పత్రిలో చూపించారు అన్నది ఉండాలి. ఇంగ్లండ్‌లో పరిస్థితి కొంచెం వేరు. భాగస్వామిని గుప్పిట్లో పెట్టుకుని నిరంతరం అణచివేయడం అక్కడ 2015లో నేరమైంది, ఐదేళ్ల దాకా శిక్ష. కాబట్టి లండన్‌లో ఉన్న అల్లుడి విషయంలో ఈ సెక్షన్‌కు పోలిక చూపించే వీలుంది, ఆధారాలు ఉంటే.

ఆచరణలో ఈ కేసులు ఎక్స్‌ట్రడిషన్ దాకా వెళ్లడం అరుదు. వారెంటు ఉంటే పాస్‌పోర్టు చట్టం పదో సెక్షన్ కింద పాస్‌పోర్టు స్వాధీనం చేసుకునేలా, లుకౌట్ సర్క్యులర్‌తో విమానాశ్రయంలో ఆపేలా చేస్తారు. ఆ ఒత్తిడికే చాలామంది దిగొస్తారు. భర్త వైపు వాళ్లకు చెప్పేది ఒకటే: సమన్లు వస్తే దాక్కోవద్దు. దాక్కుంటేనే వారెంటు వస్తుంది. అది పాస్‌పోర్టు దాకా పోతుంది.

రెడ్ కార్నర్ నోటీసు వస్తే అరెస్టు ఖాయమేనా?

అది అంతర్జాతీయ అరెస్టు వారెంటు కాదు. ఫలానా మనిషి కావాలని ఒక దేశం మిగతా దేశాలకు ఇంటర్‌పోల్ ద్వారా ఇచ్చే సమాచారం. దాన్ని బట్టి అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆ దేశ చట్టం. బ్రిటన్‌లో అది ఒక్కటే ఉంటే సరిపోదు. కానీ దుబాయ్ లాంటి చోట విమానం దిగగానే పట్టుకోవచ్చు, అందుకే ప్రయాణం ముందు చూసుకోవాలి. కుటుంబ గొడవలు, ప్రైవేటు తగాదాలకు ఈ నోటీసు ఇవ్వకూడదని ఇంటర్‌పోల్ నిబంధనల్లోనే ఉంది. అన్యాయంగా వచ్చిందనుకుంటే ఇంటర్‌పోల్ ఫైళ్లను పరిశీలించే కమిషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ పని కూడా ఎక్స్‌ట్రడిషన్ బారిస్టర్లే చేస్తారు.

వాట్సాప్ వీడియో కాల్‌లో "మీ మీద ఇంటర్‌పోల్ నోటీసు ఉంది, ఈ ఖాతాలో డబ్బు వేయండి" అన్నవాడు మోసగాడు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

పరస్పర న్యాయ సహాయం అంటే ఏమిటి?

మనిషి బదులు ఆధారాన్ని అడగడం. బ్యాంకు స్టేట్‌మెంటు, ఈమెయిల్, సాక్షి వాంగ్మూలం, ఆస్తి జప్తు. మన దగ్గర నుంచి అయితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 112వ సెక్షన్ కింద కోర్టు అభ్యర్థన లేఖ ఇస్తుంది, కేంద్ర హోంశాఖ ద్వారా వెళ్తుంది. పాత అలవాటుగా అందరూ ఎల్ఆర్ (లెటర్ రొగేటరీ) అంటారు. బ్రిటన్‌లో అది హోం ఆఫీసులోని సెంట్రల్ అథారిటీకి చేరుతుంది.

ఈ లేఖలు ఎందుకు వెనక్కి వస్తాయో తెలుసుకుంటే సగం ఆట అర్థమవుతుంది. "నిందితుడి ఖాతాలన్నిటి వివరాలు ఇప్పించగలరు" అని రాస్తే పక్కన పడేస్తారు. ఫలానా బ్యాంకు, ఫలానా ఖాతా, ఫలానా తేదీల మధ్య, ఆ డబ్బు నేరంతో ఎలా ముడిపడిందో రాయాలి. అమెరికా నుంచి ఈమెయిల్‌లో ఏముందో కావాలంటే అక్కడి జడ్జి సెర్చ్ వారెంటు ఇచ్చేంత బలమైన కారణం చూపాలి. ఎవరి పేరున ఖాతా ఉందన్నంత వరకైతే తేలిక. ఈ లోపు డేటా చెరిగిపోకుండా 90 రోజులు భద్రపరచమని ముందే అడిగే పద్ధతి ఉంది. సైబర్ మోసంలో డబ్బు పోయినవాళ్లు దర్యాప్తు అధికారిని మొదటి వారంలోనే దీని గురించి అడగాలి.

డిఫెన్స్ వైపు వాళ్లు ఈ దారిని నేరుగా వాడుకోలేరు, ఒప్పందాలు ప్రభుత్వాల మధ్యవి. కోర్టు ద్వారా అడిగించుకోవాలి. కానీ మీ బ్యాంకు మీదో, కంపెనీ మీదో బ్రిటన్‌లో ఇలాంటి ఉత్తర్వు వస్తే దాన్ని సవాలు చేయొచ్చు. బారిస్టర్‌కు అది వేరే పని, వేరే ఫీజు.

దుబాయ్‌లో బ్యాంకు లోను కట్టకుండా వచ్చేశాను. పట్టుకెళ్తారా?

భారత పౌరుడైతే పైన చెప్పిన కారణం వల్ల అప్పగించరు. భయపడాల్సింది వేరే దానికి. 2020 జనవరి నుంచి యూఏఈ కోర్టుల సివిల్ డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకోవచ్చు. అంటే నిజామాబాద్‌లోనో కడపలోనో ఉన్న ఇంటి మీదికి రావచ్చు. బ్యాంకుతో రాజీకి మాట్లాడటమే చవక.

ఫీజు ఎంత? మోసపోకుండా ఎలా?

ఇంత అని చెప్పలేం. సాలిసిటర్‌కు గంటల లెక్క, బారిస్టర్‌కు విచారణ మొత్తానికి ఒక బ్రీఫ్ ఫీజు, అది ఇంకా సాగితే రోజుకింత అన్నది మామూలు పద్ధతి. కింగ్స్ కౌన్సెల్, అంటే సీనియర్ హోదా ఉన్నవాళ్లు, చాలా ఖరీదు. అన్ని కేసులకూ అవసరం లేదు. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్న జూనియర్ (అంటే ఆ హోదా లేని బారిస్టర్), కొత్తగా ఈ రంగంలోకి తొంగిచూస్తున్న సీనియర్ కంటే మేలు. ఆదాయాన్ని బట్టి ప్రభుత్వ లీగల్ ఎయిడ్ కూడా దొరకొచ్చు, విదేశీయుడికైనా. ముందు అదే అడగండి.

ఫీజు ఒప్పందం లిఖితపూర్వకంగా తీసుకోండి. బారిస్టర్ పేరు బార్ స్టాండర్డ్స్ బోర్డు రిజిస్టరులో ఉందో లేదో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, ప్రాక్టీసు చేసే అనుమతి ఇప్పుడు ఉందా, మునుపు క్రమశిక్షణ చర్య ఏదైనా జరిగిందా అన్నది అందులో కనిపిస్తుంది. సాలిసిటర్లకు వేరే నియంత్రణ సంస్థ ఉంది, అక్కడా వెతుక్కోవచ్చు. "హోం ఆఫీసులో మనవాడున్నాడు, ఫైలు ఆపిస్తా" అనే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. హైదరాబాద్ లాయరును మాత్రం మానేయకండి. ఎఫ్ఐఆర్, రిమాండు కాగితాలు, ఛార్జిషీటు సర్టిఫైడ్ కాపీలు, వాటి ఇంగ్లీషు అనువాదం, మన కోర్టులో కేసు ఏ దశలో ఉందన్న వివరం, ఇవన్నీ ఆయన పంపితేనే లండన్‌లో పని కదులుతుంది. ఇక్కడి కోర్టులో కేసే కొట్టేయించగలిగితే, అక్కడి అభ్యర్థన ఇక నిలవదు.